విమానములో నే కిటికీ చెంత గూర్చుండవలయును?

రామాయణమును జదివిన సోదరీమణులకు బుష్పకవిమానమును గూర్చి వేఱుగ జెప్ప నక్కఱలేదు. రావణవధానంతరమున లంకనుండి యయోధ్యకు మరలివచ్చునపుడు శ్రీరామచంద్రుడు సీతాదేవిని దన చెంత గూర్చుండబెట్టుకొని, క్రింద గానవచ్చు సముద్రమును, సేతువును, కిష్కింధను, పంపాసరస్సును, గోదావరిని వరుసగ జూపుచు వచ్చెను. కాళిదాస మహాకవి రఘువంశమున బదుమూడవ సర్గములో నధికభాగము నీ యాకాశయాన వర్ణనమునకే వినియోగించెను. ఆ ఘట్టమును జదివినపుడెల్ల మాకొక సంగతి తోచుచుండును. సీతాదేవికి నేది యెచ్చట నున్నదో వ్రేలు పెట్టి చూపువాడు ప్రక్కనే యుండెను. నేటి విమానములో మనకట్టివాడు లేడు. ఏ వైపున నేమి కానవచ్చునో ముందుగ దెలిసికొని కూర్చుండినవారికే యది కానవచ్చును. తెలియనివారికి ఱెక్కయు, మబ్బును, ముందున్న కుర్చీ వీపును మాత్రమే మిగులును.

ఇప్పుడు మన యాడువారు విమానమెక్కుట వింత కాదు. కొమార్తెకు బురుడు పోయుటకై పరదేశమునకు బోవు తల్లులును, కాశీ, నేపాళ యాత్రలకు బోవు పెద్దలును బెక్కండ్రు గలరు. అయినను దమ కూర్చుండు స్థానమును దామే యెన్నుకొనువా రెందఱు? టిక్కెట్టు కొమారుడో యల్లుడో కొనును. స్థానము తన యిచ్చవచ్చినట్లు వచ్చి పడును. కిటికీ వచ్చినచో బిల్లలకు, నడుమది వచ్చినచో మనకు. పెద్దవారు కిటికీ కోరుట చిన్నతనమని సిగ్గుపడువారును గలరు. చూడవలెనను కోరిక చిన్నతనము కాదు. జీవితమున నొక్కమాఱు మాత్రమే పోవు త్రోవ యైనచో నది చూచి తీఱవలసిన త్రోవ.

మా వీథిలో డెబ్బదియేండ్ల పెద్దమ్మగా రొకరు గలరు. చిన్ననాటినుండియు బురాణములలో హిమవంతుని పేరు విని పెరిగినవారు. కొన్నియేండ్ల క్రిందట యాత్రికుల గుంపుతో గలసి ఢిల్లీనుండి ఖాట్మండుకు విమానమున బోయి పశుపతినాథుని సేవించి వచ్చిరి. గుంపులోని వారి పేర్ల వరుసనుబట్టి స్థానములు పంచిరట. పోవునపుడు వీరికి గుడివైపు కిటికీయు, వచ్చునపు డెడమవైపు కిటికీయు లభించెను. రెండు మాఱులును వారు మైదానమును జూచిరి. ఖాట్మండులో నున్న మూడు దినములును మబ్బు విడలేదు. “హిమవంతుని వాకిటిదాక బోయి, ఆయన మొగము చూడకుండ వచ్చితిని తల్లీ!” యని వారు మాతో ననిరి. కిటికీ లేక కాదు, ఆ కిటికీ రెండవ ప్రక్కన లేకపోవుటచేతనే యా దర్శనము తప్పిపోయినది. భూగోళపటము నైదు నిమిషములు చూచియున్నచో నిట్లు జరిగెడిది కాదు. ఈ వ్యాసము వ్రాయుటకు గారణ మిదియే.

కిటికీని ఎన్నుకొనుటకు మూడు ప్రశ్నలు చాలును. ఏ దిక్కునకు బోవుచున్నాము? సూర్యు డెచ్చట నుండును? ఱెక్క యెచ్చట నున్నది? ఈ మూడింటికిని ఇంటిలో గూర్చుండియే సమాధానము చెప్పవచ్చును.

దిక్కు

మొదట పటము ముందు బెట్టుకొని, బయలుదేఱు నూరినుండి చేరు నూరికి నొక దారము తిన్నగ బట్టవలెను. విమానము సుమారుగ నా దారము వెంబడినే పోవును. తూర్పునకు బోవువారి యెడమచేయి యుత్తరము, కుడిచేయి దక్షిణము. పడమటికి బోవువారి కిది తాఱుమాఱగును. ఉత్తరమునకు బోవువారికి గుడివైపు తూర్పు; దక్షిణమునకు బోవువారి కెడమవైపు తూర్పు. వాకిలి యే దిక్కు, వంటయిల్లే దిక్కని యెఱిగిన గృహిణికి నిది క్రొత్త విద్య కాదు. ప్రదక్షిణము చేయునపుడు గర్భగృహ మెల్లపుడు మన కుడిచేతి వైపున నుండుటయు, వెనుకకు దిరిగి నడచినచో నది యెడమచేతికి వచ్చుటయు మనము నిత్యము చూచునదే. విమానమున బోవునపుడు నొక వైపునను, మరలివచ్చునపుడు రెండవ వైపునను గూర్చుండవలయునన్న సూత్రము నట్టిదే. పోవునపుడును వచ్చునపుడును నొకే యక్షరముగల కుర్చీని గోరువారు పర్వతము నొక మాఱే చూతురు.

పై పెద్దమ్మగారి త్రోవనే యుదాహరణముగ గైకొందము. ఢిల్లీనుండి ఖాట్మండు తూర్పుగ, రవంత యాగ్నేయమునకు వంగి యున్నది. హిమాలయము లుత్తరమున నుండుటచే బోవునపు డెడమ కిటికీ, వచ్చునపుడు కుడి కిటికీ గైకొనవలెను. ఆకాశము నిర్మలముగ నున్నచో మొదట దూరమున 7,816 మీటర్ల నందాదేవియు, బిదప 8,167 మీటర్ల ధవళగిరియు, 8,091 మీటర్ల యన్నపూర్ణయు, 8,163 మీటర్ల మనాస్లువును గ్రమముగ నెదురగును. అన్నింటికంటె నున్నతమైన యెవరెస్టు శిఖరము ఖాట్మండుకు దూర్పున సుమారు 160 కిలోమీటర్ల దూరమున నున్నది. కావున ఢిల్లీనుండి వచ్చువారికి నది ప్రక్క కిటికీలో సులభముగ జిక్కదు. దానిని జూడగోరువారికై ఖాట్మండు నుండియే యుదయవేళ బ్రత్యేక విమానములు బయలుదేఱి, తూర్పుగ బోయి, సుమారొక గంటలో మరలి యచ్చటనే దిగును. పోవునపుడు పర్వత మెడమవైపు, తిరిగివచ్చునపుడు కుడివైపు. ఢిల్లీనుండి బాగ్‌డోగ్రాకు, అనగా డార్జిలింగు ప్రాంతమునకు, బోవువారు నెడమవైపుననే కూర్చుండవలెను. వారికి నెవరెస్టును, దుదకు 8,586 మీటర్ల కాంచనగంగయు గానవచ్చును.

ఇందొక మెలకువ గలదు. దక్షిణమునుండి తిన్నగ నుత్తరముగ హిమాలయముల మీదికి బోవు విమానమునకు బర్వత మెదుట నుండును. ప్రక్క కిటికీలో నది చాలసేపటివఱకు గానరాదు. కొండకెదురుగ బోవువానికంటె గొండ వెంబడి బోవువానికే కొండ చక్కగ గనబడును. అందుచే దెలుగు దేశమునుండి పోవువారు ఢిల్లీలో విమానము మాఱి ఖాట్మండు చేరుట యొక విధమున లాభమే.

ముక్తినాథమునకు బోవు తెలుగు యాత్రికు లిప్పుడు తక్కువవారు కారు. వారిలో బెక్కండ్రు ఖాట్మండునుండి పోఖరాకును, బోఖరానుండి జోమ్‌సోమ్‌కును జిన్న విమానములలో బోదురు. ఖాట్మండునుండి పోఖరా పడమటగ నున్నది గనుక బోవునపుడు కుడివైపు, వచ్చునపు డెడమవైపు. పోఖరానుండి జోమ్‌సోమ్ ప్రయాణము సుమా రిరువది నిమిషములది. ఆ విమానము ధవళగిరి యన్నపూర్ణల నడుమ గల కాళీగండకీ లోయలో నుత్తరముగ బోవును. ఎడమచేత ధవళగిరి, కుడిచేత నన్నపూర్ణ. మన దేవతార్చన పెట్టెలలోని సాలగ్రామములు పుట్టిన నది యీ గండకియే. ఇచ్చట మాత్ర మే కిటికీ వచ్చినను నష్టము లేదు. మధ్యాహ్నమగునప్పటికి లోయలో బెనుగాలి లేచును గనుక నీ విమానములు ప్రాతఃకాలమందే నడచును.

మన దేశముననే చూతము. హైదరాబాదునుండి విశాఖపట్టణమునకు దారము పట్టినచో నది యించుమించుగ దూర్పునకు సాగి, శబరి గోదావరిలో గలయు కూనవరము చేరువను నదిని దాటును. భద్రాచల మెడమవైపునకు వచ్చును. పాపికొండలు, పోలవరము, రాజమహేంద్రవరము, గోదావరి డెల్టా యంతయు గుడివైపునకు వచ్చును. ధవళేశ్వరము కడ గోదావరి పాయలుగ విడిపోవు చోటును, 1852లో గాటను దొర కాలమున బూర్తియైన యానకట్టతో బ్రాణము పోసికొన్న పచ్చని పొలములును నిర్మలమైన దినమున దక్షిణపు కిటికీకే దక్కును. కావున విశాఖకు బోవునపుడు కుడివైపు, మరలునపు డెడమవైపు. మదరాసునుండి, అనగా నేటి చెన్నైనుండి, విశాఖకు దారము పట్టినచో నది సముద్రముమీదుగ బోవును. ఎడమ కిటికీలో గృష్ణా గోదావరీ ముఖద్వారములు, దీవులు, ఇసుక తిన్నెలు. కుడి కిటికీలో నీలి నీరు మాత్రమే.

వాతావరణమును, నాకాశమందలి రద్దీని బట్టి యప్పుడప్పుడు త్రోవ మాఱుట గలదు. అయినను బది మాఱులలో నధికముగ బటమే గెలుచును.

సూర్యుడు

రెండవది వెలుతురు. ఎండ తిన్నగ గిటికీమీద బడినచో నద్దమునందలి గీతలన్నియు మెఱసి చూపును గప్పివేయును. కావున సామాన్యముగ సూర్యున కెదురుగాని వైపు, అనగా నీడవైపు, మేలు. ఉత్తరముగ బోవువారికి నుదయము కుడివైపునను, సాయంకాల మెడమవైపునను నెండ యుండును. హిమాలయములను దక్షిణమునుండి చూచువారి కీ విషయమున మిక్కిలి యదృష్టము. దినములో నధికభాగము సూర్యుడు వారి వీపువైపుననే యుండి, మంచుకొండల దక్షిణపు ముఖమును వెలిగించుచుండును.

అయితే నీటి సంగతి వేఱు. కొండకు నీడవైపు, నీటి కెండవైపు అని మేము గుర్తు పెట్టుకొనుచుందుము. సూర్యుడున్న వైపునకు జూచునపు డొక్కొక్క చోట నీటిమీద బడిన వెలుగు తిన్నగ మన కంటికి మరలివచ్చును. అప్పు డంతవఱకు గానరాని చెఱువులు, కాలువలు, నదీపాయలు నొకదాని తరువాత నొకటిగ వెండి కరగిపోసినట్లు మెఱయును. శీతకాలపు మధ్యాహ్నమున హైదరాబాదు విశాఖల నడుమ దక్షిణపు కిటికీలో గూర్చుండినవారికి గోదావరి డెల్టా యిట్లు దర్శనమిచ్చును. ఎండ బాధించినను నా కిటికీని విడువరాదు.

నీడవైపు కూర్చుండినవారికి వేఱొక బహుమానము గలదు. క్రింద దెల్లని మబ్బులు పఱచుకొనియున్నపుడు వానిపై దమ విమానపు నీడ పడుచోటును వెదకవలెను. ఆ నీడ చుట్టును ఇంద్రధనుస్సు రంగులతో జిన్న వలయములు కానవచ్చును. మబ్బులోని సన్నని నీటిబిందువులనుండి వెలుతురు వెనుకకు మరలుటచే నవి యేర్పడును. మన గ్రంథములలో సూర్యచంద్రుల చుట్టు గనబడు పరివేషమును గూర్చి చదివియున్నాము. ఇది యట్టిది కాక, మన నీడ చుట్టును మనకే కనబడు వలయము. సూర్యున కెదుటి దిక్కుననే యిది పుట్టును గనుక నెండవైపున గూర్చుండినవారి కెన్నటికిని గానరాదు.

ఋతువును జూడవలసినదే. హిమాలయములకు వర్షములు వెనుదీసిన పిదప నక్టోబరు, నవంబరు నెలలు శ్రేష్ఠము. వేసవిలో ధూళియు బొగయు గప్పును. వానకాలమున మబ్బు గప్పును. మన డెల్టాలకును వాన వెలిసి గాలి కడిగినట్లున్న దినములే మంచివి.

ఱెక్క

మూడవది ఱెక్క. మన దేశములో నధికముగ దిరుగు విమానములలో వరుసకు నాఱు కుర్చీలుండును. ముందునకు మొగము పెట్టి కూర్చుండినపు డెడమ కిటికీ ‘ఎ’ యనియు, గుడి కిటికీ ‘ఎఫ్’ అనియు వ్రాసియుండును. సుమారు పదవ వరుసనుండి యిరువదవ వరుసవఱకు ఱెక్క క్రిందిచూపును గప్పును. కావున ముందు వరుసలుగాని, ఇరువదినాలుగవ వరుసకు వెనుకగాని కోరవలెను. వీనిలో ముందువే మేలు. పొయ్యిమీది వేడిగాలిగుండ నవతలి గోడను జూచినచో నది వణకినట్లు కనబడును గదా! యంత్రములు ఱెక్క క్రింద నుండుటచే వానినుండి వెడలు వేడిగాలి వెనుక వరుసల వారి చూపు నట్లే వణకించును. బోయింగు 737 జాతి విమానములలో ఱెక్కకు ముందు నొకటి రెండు చోట్ల గోడలో గాలిగొట్టములు పోవుటచే గిటికీ యుండదు. కిటికీ స్థానమని కొనుక్కొని గోడను జూచుచు గూర్చుండుటకంటె విచారము మఱి లేదు. స్థానముల పటమునందు గిటికీ గుర్తు కలదో లేదో ముందుగ జూచుకొనవలెను.

చిన్న యూళ్లకు బోవు ఏ.టి.ఆర్. అను పంకా విమానములలో వరుసకు నాలుగే కుర్చీలు. వీని ఱెక్క కిటికీలకు బైన నుండును. గొడుగు క్రింద గూర్చుండినట్లు నేల యడ్డము లేక కానవచ్చును. పైగా నివి పెద్ద విమానములంత యెత్తున బోవు. యంత్రమున కెదురుగ నున్న నడిమి వరుసలను దప్పించుకొన్న జాలును.

కొన్ని యుపాయములు

పెద్ద విమానములు 35,000 అడుగుల యెత్తున, అనగా నెవరెస్టుకంటెను పైన, బోవుచుండును. అచ్చటినుండి దిగంతము సుమారు 370 కిలోమీటర్ల దూరమున నుండును. చూపు నొక్కసారిగ దూరమునకు బంపక, మొదట నదిని బట్టుకొని, దాని వెంబడి యూళ్లను, వంతెనలను గుర్తించుచు బోవలెను. పటమునుండి త్రోవలోని నదులను, గొండలను వరుసగ నొక చీటీపై వ్రాసికొని చేతిలో నుంచుకొన్నచో బిల్లలకును వేడుక, మనకును దోడు.

కిటికీకి మూడు పలకలుండును. నడిమి పలక యడుగున సూదిబెజ్జమంత రంధ్ర మొకటి కానవచ్చును. దానిని జూచి భయపడ వలదు. లోపలి గాలి యొత్తిడిని వెలుపలి పలకయే వహించునట్లును, అద్దములకు జెమ్మ పట్టకుండునట్లును దాని నేర్పఱచిరి. దాని చుట్టును మంచుపువ్వు లేర్పడుటయు సహజమే. ఛాయాపటము దీయునపుడు లోపలి దీపములు అద్దములో మెఱయకుండ ముదురురంగు పమిట చెఱగు నడ్డు పట్టవలెను. సైన్యమువారితో గలసిన విమానాశ్రయములలో ఛాయాపటములు తీయరాదనియో, కిటికీ మూయవలెననియో చెప్పినచో వెంటనే పాటింపవలెను.

అందఱికి నన్ని వేళల గిటికీ తగదు. మోకాళ్ల నొప్పులవారును, మాటిమాటికి లేవవలసినవారును, బదిహేను గంటలు కదలక కూర్చుండి పరదేశమునకు బోవువారును, నడవ ప్రక్కనే కూర్చుండుట మేలు. దీర్ఘప్రయాణమున నప్పుడప్పుడు లేచి నడువనిచో గాళ్లలో రక్తము గడ్డకట్టు భయము గలదు. రాత్రివేళ విమానమంతయు నిద్రించునపుడు కిటికీవలన బ్రయోజనమును దక్కువ. అట్టివారు పరదేశయానమున నడవను గైకొని, పగటి చిన్న ప్రయాణమునకు గిటికీ గైకొనవచ్చును. రెండును మన చేతిలోనివే.

కొన్ని సంస్థలు కిటికీకి వేఱుగ రుసుము గైకొనును. ఎల్లప్పు డది చెల్లింప నక్కఱలేదు. చూడవలసినది గల త్రోవలో, పగటివేళ, మబ్బులేని ఋతువున మాత్రమే చెల్లించినచో నా రూకలు సార్థకములు. తక్కిన ప్రయాణములలో వచ్చినది చాలును. టిక్కెట్టు కొనువారితో “నా కిటికీ యెడమవైపున నుండవలెను, ముందు వరుసలలో నుండవలెను” అని నిస్సంకోచముగ జెప్పుడు. ఇంటిలో నిరువురు ప్రయాణము చేయుచున్నచో బోవునపు డొకరికి, వచ్చునపు డొకరికి గిటికీ నొసగుకొనుడు. ముదుసలివారు కూడ నున్నచో, వారు నోరు విప్పి యడుగకున్నను, దర్శనీయమైన వైపు వారిదే కావలెను. మనకు మఱల రాదగిన త్రోవ వారికి మఱల రాకపోవచ్చును.

సోదరీమణులారా! ఈ మాఱు ప్రయాణము నిశ్చయమైనపుడు పెట్టె సర్దుకొనుటకు ముందు భూగోళపటమును విప్పుడు. దారము పట్టి చూడుడు. ఏ ప్రక్కన గొండ, యే ప్రక్కన నది యని నిర్ణయించుకొని, ఆ తరువాతనే స్థానమును గోరుడు. ఊరు చేరుట యెల్లరకు సమానమే. త్రోవను జూచి చేరుట మాత్రము చూడనేర్చినవారిది.